నామసామ్యం – చరిత్రరచన: చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతం ఆధారంగా ఒక విమర్శ

వ్యాస సంగ్రహం:

ఒకే పేరుతో వేర్వేరు రంగాల్లో ప్రసిద్ధులైనవారు ఉండటం తెలుగు సమాజంలో సర్వసాధారణం. సాహిత్య చరిత్రకారులు ప్రాచీన కవుల విషయంలో ఈ సమస్యను గుర్తించి విస్తృతంగా చర్చించారు. ఆధునిక ప్రముఖుల విషయంలో అంత శ్రద్ధ కనిపించదు. చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతానికి చెందిన కొండా వెంకట రంగారెడ్డి పేరును ప్రధాన ఉదాహరణగా తీసుకొని, వ్యక్తి పేరు స్థలనామంగా మారినప్పుడు ఏం జరుగుతుందో, ఇంటిపేరు తొలగిపోతే చరిత్రరచనకు ఎలాంటి నష్టం కలుగుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నామసామ్యాన్ని పరిష్కరించే పద్ధతి తెలుగు సంప్రదాయంలోనే ఉందని, దాన్ని పరిశోధకులు తిరిగి అమలు చేయవలసి ఉందని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: నామసామ్యం, ఇంటిపేరు, స్థలనామం, కొండా వెంకట రంగారెడ్డి, చేవెళ్ల, మొయినాబాద్, ఆంధ్రమహాసభ, చిలుకూరు, చరిత్రరచన.

1. ఉపోద్ఘాతం:

ఒక మనిషిని మరొక మనిషి నుంచి వేరుచేసి చూపడం పేరు చేయవలసిన మొదటి పని. తెలుగు పేర్లు ఈ పనిని ఒంటరిగా చేయలేవు. రాయప్రోలు సుబ్బారావు (1892–1984) భావకవిత్వానికి ఆద్యుడు, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడు. నండూరి సుబ్బారావు (1895–1957) ఎంకి పాటల కవి. యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) అమెరికాలో పరిశోధనలు చేసిన జీవరసాయన శాస్త్రవేత్త. మూడేళ్ల వ్యవధిలో పుట్టిన ఈ ముగ్గురినీ ‘సుబ్బారావు’ అన్న మాట విడదీయలేదు. ఇంటిపేరు చెప్పిన తరువాతనే ఎవరి గురించి మాట్లాడుతున్నారో వినేవారికి తెలుస్తుంది.

ఇటువంటి సామ్యాలను వినోదంగా చెప్పుకోవడం వాడుకలో ఉంది. పరిశోధనలో మాత్రం ఇది వినోదం కాదు. ఒకరు చేసిన పని మరొకరి ఖాతాలో పడవచ్చు. ఒక ఊరిలో జరిగిన సంఘటన మరొక ఊరి చరిత్రలో చేరవచ్చు. పేరు అందరికీ తెలిసి ఉండి, ఆ పేరు గల మనిషి ఎవరికీ తెలియకుండా పోవచ్చు. ఈ మూడు ప్రమాదాలనూ ఒకే చోట చూడటానికి చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతం అనుకూలమైనది. హైదరాబాదుకు పశ్చిమంగా ఆనుకొని ఉన్న ఈ ప్రాంతం నుంచి వచ్చిన ఒక వ్యక్తి పేరు మొత్తం జిల్లాకే పేరైంది. ఈ ప్రాంతంలోని ఒక ప్రసిద్ధ గ్రామానికి రాష్ట్రంలోనే మరొక చోట అదే పేరు గల జోడు ఉంది. ఇక్కడి ప్రముఖుల పేర్లలో చాలావాటికి తెలుగునాట అన్యత్రా ప్రతిరూపాలు ఉన్నాయి.

2. తెలుగు పేరు నిర్మాణం:

నామసామ్యం ఎందుకు ఇంత ఎక్కువగా ఏర్పడుతుందో తెలియాలంటే పేరు నిర్మాణాన్ని చూడాలి. ‘కొండా వెంకట రంగారెడ్డి’ అన్న పేరులో నాలుగు భాగాలు ఉన్నాయి. ‘కొండా’ ఇంటిపేరు. ‘వెంకట’ తిరుమల వేంకటేశ్వరుని స్మరించే మాట. ‘రంగ’ శ్రీరంగనాథుని పేరు. ‘రెడ్డి’ కులసూచకమైన గౌరవపదం. వీటిలో రెండు దేవుళ్ల నుంచి వచ్చినవి, ఒకటి సమూహం నుంచి వచ్చినది. ఒక వంశానికి ప్రత్యేకమైనదని చెప్పదగినది ఇంటిపేరు మాత్రమే.

దైవనామాల సంఖ్య పరిమితం. వెంకట, రంగ, రామ, కృష్ణ, నరసింహ, నారాయణ, మాధవ వంటి కొన్ని పేర్లే తరతరాలుగా తిరుగుతూ వచ్చాయి. తాత పేరు మనుమడికి పెట్టే ఆచారం ఈ ఆవృత్తిని మరింత పెంచింది. వాటి చివర రెడ్డి, రావు, శాస్త్రి, శర్మ, రాజు వంటి పదాలు చేరతాయి. పరిమితమైన దైవనామాలు పరిమితమైన గౌరవపదాలతో కలిసినప్పుడు ఒకే రూపం అనేకసార్లు రావడం అనివార్యం. కనుక తెలుగులో నామసామ్యం యాదృచ్ఛికం కాదు. అది పేరు పెట్టే పద్ధతిలోనే ఇమిడి ఉంది.

ఈ పద్ధతి తన లోపాన్ని తానే సవరించుకుంది. ఇంటిపేరు ముందు ఉండటం ఆ సవరణలో మొదటిది. ఊరి పేరుతో పిలవడం రెండవది. గ్రామ వ్యవహారంలో ‘ఫలానా ఊరి ఫలానా రెడ్డి’ అంటే సందేహం మిగలదు. తెలంగాణ ఇంటిపేర్లలో కనిపించే ‘–ఓళ్ల’ రూపం కూడా ‘వాళ్ల’ అన్న సంబంధార్థాన్నే తెలుపుతుంది. చేవెళ్ల శాసనసభ్యుడిగా, రాష్ట్ర హోంమంత్రిగా పనిచేసిన ఇంద్రారెడ్డి ఇంటిపేరు ‘పట్లోళ్ల’. ఏ ఇంటివాళ్లో చెప్పిన తరువాతనే ఏ మనిషో చెప్పడం ఇందులోని క్రమం. ఇంటిపేరును తీసివేస్తే ఈ క్రమం తెగిపోతుంది.

ఇంద్రారెడ్డి పేరు మరొక విషయాన్ని కూడా చూపుతుంది. 2000లో ఆయన రోడ్డు ప్రమాదంలో మరణించిన తరువాత ఆయన భార్య చేవెళ్ల నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. 2009లో ఉమ్మడి రాష్ట్రానికి తొలి మహిళా హోంమంత్రి అయ్యారు. ప్రజాజీవితంలో ఆమె పేరు ‘సబితా ఇంద్రారెడ్డి’. ఇక్కడ భర్త పేరు ఇంటిపేరు చేయవలసిన పనిని చేస్తున్నది. అయితే ఇద్దరూ అదే నియోజకవర్గానికి ప్రాతినిధ్యం వహించి, అదే శాఖను నిర్వహించారు. ‘చేవెళ్లకు చెందిన హోంమంత్రి ఇంద్రారెడ్డి’ అని సంవత్సరం చెప్పకుండా రాసిన వాక్యం ఇద్దరిలో ఎవరి గురించో తేల్చి చెప్పలేదు.

3. కవిచరిత్రలు నేర్పిన పాఠం:

ప్రాచీన సాహిత్య చరిత్రకారులకు ఈ సమస్య కొత్త కాదు. పదమూడవ శతాబ్దంలో నెల్లూరు పాలకుడు మనుమసిద్ధి ఆస్థానంలో ఒకే వంశానికి చెందిన ఇద్దరు తిక్కనలు ఉన్నారు. ఒకరు మహాభారతంలో పదిహేను పర్వాలను తెలుగు చేసిన కవి. మరొకరు యుద్ధరంగంలో ప్రాణాలు విడిచిన సేనాని. లోకం వారిని ‘కవి తిక్కన’, ‘ఖడ్గ తిక్కన’ అని పిలుచుకుంది. వంశం ఒకటే కనుక ఇంటిపేరు ఇక్కడ ఉపకరించదు. అందువల్ల వారి రంగమే విశేషణమైంది. వేర్వేరు రంగాల సమాననామధేయులను వేరుచేయడానికి తెలుగు వాడుక కనుగొన్న అందమైన పరిష్కారం ఇది.

ఇద్దరు పెద్దనల విషయంలో ఇంటిపేరే ఆ పని చేసింది. అల్లసాని పెద్దన ప్రబంధకవి. విన్నకోట పెద్దన ‘కావ్యాలంకార చూడామణి’ రాసిన లాక్షణికుడు. పాల్కురికి సోమనాథుడికీ నాచన సోమనాథుడికీ మధ్య కూడా పేరుకు ముందున్న మాటే గుర్తు.

దీనికి విరుద్ధమైన సమస్య తెనాలి రామకృష్ణుడి విషయంలో వచ్చింది. ‘ఉద్భటారాధ్య చరిత్ర’ రామలింగకవి పేరుతో ఉంది. ‘పాండురంగ మాహాత్మ్యం’ రామకృష్ణకవి పేరుతో ఉంది. ఇద్దరూ ఒకరేనా, వేర్వేరా అన్న ప్రశ్నపై పండితులు చాలా కాలం వాదించారు. పేరు ఒకటైనంత మాత్రాన వ్యక్తి ఒకడే కానట్లే, పేరు మారినంత మాత్రాన వ్యక్తి మారడని ఈ చర్చ తెలియజేస్తుంది.

ఈ రెండు రకాల పొరపాట్లకు రెండు మాటలు ఉపయోగించుకోవచ్చు. ఇద్దరిని ఒకరుగా భావించడం ‘కలిపివేత’. ఒకరిని ఇద్దరుగా భావించడం ‘విడదీత’. కవిచరిత్రకారులు గ్రంథాల అవతారికలను, గద్యలను, వంశవర్ణనలను, కృతిపతుల కాలాన్ని పరిశీలించి ఈ రెండింటినీ నివారించే ప్రయత్నం చేశారు. వారి నిర్ణయాలతో విభేదించవచ్చు. పద్ధతి మాత్రం అనుసరణీయం. ఆధునిక తెలంగాణ చరిత్రకు సంబంధించిన రచనల్లో ఆ పద్ధతి తక్కువగా కనిపిస్తుంది. సమీప కాలపు వ్యక్తులు అందరికీ తెలిసినవారేనన్న నమ్మకం దీనికి కారణం. ఒక తరం గడిచిన తరువాత ఆ నమ్మకానికి ఆధారం ఉండదు.

4. వ్యక్తి నుంచి జిల్లాకు – రంగారెడ్డి:

కొండా వెంకట రంగారెడ్డి (1890–1970) స్వగ్రామం నేటి మొయినాబాద్ మండలంలోని పెద్దమంగళారం. ఆయన న్యాయవాది. నిజాం రాష్ట్రంలో తెలుగువారి సాంస్కృతిక, రాజకీయ చైతన్యానికి వేదికైన ఆంధ్రమహాసభలో ప్రముఖుడు. 1936లో షాద్‌నగర్‌లో జరిగిన అయిదవ మహాసభకు అధ్యక్షత వహించారు. 1952లో బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గంలో మంత్రి. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంపై తెలంగాణ పక్షాన సంతకం చేసిన నలుగురిలో ఒకరు. దామోదరం సంజీవయ్య మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రి. 1978 ఆగస్టు 15న హైదరాబాదు జిల్లా నుంచి గ్రామీణ ప్రాంతాలను విడదీసి కొత్త జిల్లా ఏర్పాటు చేశారు. దానికి ఆయన పేరు వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి ఆయన మేనల్లుడు.

జిల్లాకు మొదట ఉన్న పేరు ‘కె.వి.రంగారెడ్డి జిల్లా’. వాడుకలో ‘కె.వి.’ జారిపోయింది. క్రమంగా ప్రభుత్వ వ్యవహారంలోనూ ‘రంగారెడ్డి జిల్లా’ అన్న రూపమే నిలిచింది. చిరునామాల్లో అది ‘ఆర్.ఆర్. జిల్లా’గా కుదించుకుపోయింది. నాలుగు భాగాల పేరులో ఆ వంశానిదైన భాగం పోయింది. దేవుని పేరు, కులసూచకం మిగిలాయి. పై రెండవ విభాగంలో చెప్పినట్లు ఆ మిగిలిన రెండూ ఎవరికైనా ఉండగలిగినవే. ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్పీకరుగా పనిచేసిన పిడతల రంగారెడ్డి పేరు కూడా, ఇంటిపేరు లేకపోతే, అక్షరాలా ఇదే. ఇద్దరూ ఒకే రాష్ట్ర రాజకీయాల్లో ఉన్నవారు. ఒకరు తెలంగాణవారు, మరొకరు ప్రకాశం జిల్లా ప్రాంతంవారు. ‘రంగారెడ్డి’ అని మాత్రమే రాసే గ్రంథసూచికలో వారిద్దరూ ఒకే పంక్తిలో కలిసిపోగలరు.

వ్యాకరణపరంగా కూడా ఒక మార్పు గమనించదగినది. వ్యక్తి పేరుగా ఉన్నప్పుడు ‘రంగారెడ్డిగారు’, ‘రంగారెడ్డిచేత’ వంటి రూపాలు వస్తాయి. జిల్లా పేరైన తరువాత ‘రంగారెడ్డిలో’, ‘రంగారెడ్డి నుంచి’, ‘రంగారెడ్డి పరిధిలో’ వంటివి వస్తాయి. పత్రికల శీర్షికల్లో ‘జిల్లా’ అన్న మాట కూడా లేకుండానే ‘రంగారెడ్డిలో వర్షాలు’ అని కనిపిస్తుంది. ‘గారు’ పోయి ‘లో’ రావడంతో మనిషి వెళ్లిపోయి స్థలం మిగిలింది. ఆ జిల్లాలో చదువుకొనే విద్యార్థి ప్రతి దరఖాస్తులో ఆ పేరు రాస్తాడు. అది ఒక వ్యక్తి పేరని, ఆ వ్యక్తి ఊరు మొయినాబాద్‌కు సమీపంలోనే ఉందని ఆ రాతవల్ల అతనికి తెలిసే అవకాశం లేదు. స్మరణ కోసం పెట్టిన పేరే విస్మరణకు దారితీసిన సందర్భం ఇది.

తెలుగు రాష్ట్రాల్లోని ఇతర జిల్లాల పేర్లతో పోలిస్తే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. టంగుటూరి ప్రకాశం స్మృతికి పెట్టిన ‘ప్రకాశం’ జిల్లా పేరులో కూడా ఇంటిపేరు లేదు. తరువాతి కాలపు ‘పొట్టి శ్రీరాములు నెల్లూరు’లో ఇంటిపేరూ ఉంది, పాత స్థలనామమూ ఉంది. 2016లో ఏర్పడిన ‘కొమురం భీం ఆసిఫాబాద్’ కూడా అంతే. అదే సంవత్సరం వచ్చిన ‘జయశంకర్ భూపాలపల్లి’లో ఇంటిపేరు లేకపోయినా స్థలనామం తోడుగా ఉంది. 2022 నాటి ‘అల్లూరి సీతారామరాజు’ జిల్లాలో స్థలనామం లేదు కాని పేరు సంపూర్ణంగా ఉంది. ఇంటిపేరు, స్థలనామం రెండూ లేనప్పుడు పేరు గల మనిషిని గుర్తుపట్టే ఆధారం సన్నగిల్లుతుంది. ‘ప్రకాశం’ అరుదైన వ్యక్తినామం కనుక అక్కడ నష్టం తక్కువ. ‘రంగారెడ్డి’ విరివిగా వినిపించే పేరు కనుక ఇక్కడ నష్టం ఎక్కువ.

2016 పునర్విభజనలో వికారాబాద్, మేడ్చల్ జిల్లాలు విడిపోయాయి. చేవెళ్ల, మొయినాబాద్ రంగారెడ్డి జిల్లాలోనే ఉన్నాయి. అప్పటివరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న షాద్‌నగర్ ఇందులో చేరింది. 1936లో రంగారెడ్డి అధ్యక్షత వహించిన మహాసభ జరిగిన ఊరు ఎనభై ఏళ్ల తరువాత ఆయన పేరుగల జిల్లాలోకి వచ్చింది. ‘రంగారెడ్డి జిల్లాలో ఆంధ్రమహాసభ’ అన్న వాక్యాన్ని ఇప్పుడు ఎవరైనా రాస్తే, అది నేటి పరిపాలనా సరిహద్దుల రీత్యా సరైనదే, నాటి చరిత్ర రీత్యా కాలవిరుద్ధం. అధ్యక్షుడు, జిల్లా, ఊరు అన్న మూడు మాటల మధ్య కాలాన్ని చెప్పకుండా రాయడం ఎంత చిక్కు తెస్తుందో దీనివల్ల గ్రహించవచ్చు.

5. ఇంటిపేరు ఒక్కటే చాలదు:

ఇంటిపేరు చేర్చితే సమస్య మొత్తం తీరిపోతుందని అనుకోకూడదు. ‘కొండా’ అన్న ఇంటిపేరుతోనే ముగ్గురు ప్రసిద్ధులు ఉన్నారు. గుంటూరుకు చెందిన దేశభక్త కొండా వెంకటప్పయ్య (1866–1949) ఆంధ్రోద్యమంలో, జాతీయోద్యమంలో అగ్రనాయకుడు. కొండా వెంకట రంగారెడ్డి తెలంగాణ నాయకుడు. ఆదిలాబాద్ ప్రాంతపు వాంకిడిలో పుట్టిన కొండా లక్ష్మణ్ బాపూజీ (1915–2012) చేనేత సహకారోద్యమానికి, తెలంగాణ ఉద్యమానికి అంకితమైన నాయకుడు. ముగ్గురూ వేర్వేరు ప్రాంతాలకు, వేర్వేరు సామాజిక వర్గాలకు చెందినవారు. ఇంటిపేరు ఒకటైనా వంశం ఒకటి కాదు.

వెంకటప్పయ్య, వెంకట రంగారెడ్డి ఇద్దరి పేర్లూ పొడి అక్షరాల్లో ‘కె.వి.’తోనే మొదలు కాగలవు. ఒకరు ఆంధ్రరాష్ట్రం కోసం పనిచేసినవారు. మరొకరు తెలంగాణ ప్రయోజనాల రక్షణకు ఒప్పందం మీద సంతకం చేసినవారు. వీరి విషయంలో కలిపివేత జరిగితే పొరపాటు ఒక పేరుతో ఆగదు. రెండు ఉద్యమాల దృక్పథాలే తారుమారవుతాయి.

ఆంధ్రమహాసభ అధ్యక్షుల జాబితా మరొక జాగ్రత్తను నేర్పుతుంది. 1934లో ఖమ్మంలో జరిగిన మూడవ మహాసభకు అధ్యక్షుడు పులిజాల వెంకట రంగారావు. రెండేళ్ల తరువాత షాద్‌నగర్ సభకు అధ్యక్షుడు కొండా వెంకట రంగారెడ్డి. ‘వెంకట రంగా’ వరకు రెండు పేర్లూ ఒకటే. తేడా మొదటి మాటలో, చివరి మాటలో మాత్రమే ఉంది. ఇంటిపేరును పొడి అక్షరంగా మార్చి, చివరి గౌరవపదాన్ని వదిలేసే రచనాపద్ధతిలో ఈ ఇద్దరు అధ్యక్షులు ఒకరికొకరు నీడలవుతారు.

1956 ఒప్పందంపై సంతకాలు చేసిన ఎనిమిదిమందిలో కొండా వెంకట రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి అన్న నలుగురి పేర్లు ‘రెడ్డి’తో ముగుస్తాయి. అందులో ఇద్దరు తెలంగాణ పక్షం, ఇద్దరు ఆంధ్ర పక్షం. ఆంధ్ర పక్షానే సంతకం చేసిన అల్లూరి సత్యనారాయణరాజు ఇంటిపేరు మన్యవీరుడు సీతారామరాజును గుర్తుకు తెస్తుంది. పేరు చివరి మాటను బట్టి పక్షాన్ని, మొదటి మాటను బట్టి వంశాన్ని ఊహించడం ఎంత ప్రమాదకరమో ఈ ఒక్క పత్రమే చూపుతుంది.

6. నర్సింగరావులు, మాధవరెడ్లు:

ఆ ఒప్పందంపై తెలంగాణ పక్షాన సంతకం చేసిన మరొక నాయకుడు జె.వి.నర్సింగరావు. ఆయన తరువాత ఉపముఖ్యమంత్రి అయ్యారు. పాములపర్తి వెంకట నరసింహారావు 1971లో ముఖ్యమంత్రి, 1991లో ప్రధానమంత్రి అయ్యారు. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ నవలను ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి అనువదించిన సాహితీవేత్త కూడా ఆయనే. 1937 నిజామాబాద్ ఆంధ్రమహాసభ అధ్యక్షుడు మందుముల నర్సింగరావు ఉర్దూ పత్రిక ‘రయ్యత్’ సంపాదకుడు. ‘మాభూమి’ చిత్ర నిర్మాతల్లో ఒకరై, ‘రంగుల కల’, ‘దాసి’ చిత్రాలకు దర్శకత్వం వహించిన బి.నర్సింగరావు నాలుగవవారు. నలుగురూ తెలంగాణవారే. రాజకీయం, సాహిత్యం, పత్రికారచన, చలనచిత్రం అన్న రంగాలు వీరివి.

‘నరసింహారావు’, ‘నర్సింగరావు’ అన్న రూపభేదం ఇక్కడ కొంత తోడ్పడుతుంది. కాని దాన్ని నమ్ముకోలేము. ‘నర్సింగ’ అన్నది ‘నరసింహ’కు తెలంగాణలో స్థిరపడిన ఉచ్చారణ. ఒకే వ్యక్తి పేరును ఒక రచయిత ఒక రూపంలో, మరొక రచయిత మరొక రూపంలో రాయడం కద్దు. పూర్వపు హైదరాబాద్ రాజ్యంలో అధికారిక వ్యవహారం ఉర్దూలో సాగింది. ఉర్దూ లిపిలో హ్రస్వాచ్చులకు సాధారణంగా గుర్తులు రాయరు. అటువంటి పత్రాల నుంచి పేర్లను తెలుగులోకి తెచ్చేటప్పుడు అక్షరాల కంటే ఊరు, వృత్తి, తేదీ ఎక్కువ ఆధారమవుతాయి.

మొయినాబాద్ ప్రాంతానికి నేరుగా సంబంధించిన ఉదాహరణ మాధవరెడ్డి పేరు. కొండా కుటుంబానికే చెందిన జస్టిస్ కొండా మాధవరెడ్డి ఆంధ్రప్రదేశ్, బొంబాయి హైకోర్టులకు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు. భువనగిరి నుంచి శాసనసభకు ఎన్నికైన ఎలిమినేటి మాధవరెడ్డి రాష్ట్ర హోంమంత్రిగా పనిచేశారు. 2000 మార్చిలో మందుపాతర పేలుడులో మరణించారు. ఒకరిది న్యాయరంగం, మరొకరిది శాంతిభద్రతల శాఖ. ‘మాధవరెడ్డి’ అన్న మాటతోపాటు చట్టం, పోలీసు, ప్రభుత్వం వంటి మాటలు ఇద్దరి సందర్భంలోనూ వస్తాయి కనుక రంగాన్ని బట్టి గుర్తించడం కూడా అంత సులభం కాదు.

అయితే నల్లగొండ జిల్లాలోని సాగునీటి పథకానికి ‘ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు’ అని పూర్తి పేరు పెట్టారు. వాడుకలో అది ‘ఏఎమ్మార్పీ’ అయినా, ఆ సంక్షిప్త రూపంలో ఇంటిపేరుకు చెందిన అక్షరం నిలిచే ఉంది. ‘డాక్టర్ మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థ’ పేరులోనూ ఇంటిపేరు భద్రంగా ఉంది. మేనల్లుడి పేరుగల సంస్థకు దక్కిన ఈ రక్షణ మేనమామ పేరుగల జిల్లాకు దక్కలేదు.

7. రెండు చిలుకూర్లు:

వ్యక్తులకు వర్తించేది ఊళ్లకూ వర్తిస్తుంది. మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీ ఆలయం వల్ల సుప్రసిద్ధం. విదేశీ ప్రయాణానికి అనుమతి కోరి మొక్కుకొనేవారి వల్ల ఆ దేవునికి ‘వీసా బాలాజీ’ అన్న పేరు కూడా వచ్చింది. ఈనాటి పాఠకుడికి ‘చిలుకూరు’ అనగానే ఈ ఊరే గుర్తుకు వస్తుంది.

1941లో ఎనిమిదవ ఆంధ్రమహాసభ చిలుకూరులో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగింది. మహాసభ వామపక్ష భావాల వైపు మొగ్గిన క్రమంలో ఇది కీలకమైన సమావేశం. ఆ చిలుకూరు నాటి నల్లగొండ జిల్లాలోనిది, నేటి సూర్యాపేట జిల్లాలో మండల కేంద్రం. మొయినాబాద్ చిలుకూరుకు దానితో సంబంధం లేదు. రంగారెడ్డి అధ్యక్షత వహించిన సంస్థ అదే, ఆయన స్వగ్రామం ఉన్న మండలంలో ఒక చిలుకూరు ఉంది. ఈ రెండు నిజాలను పక్కపక్కన పెట్టి చూసే పరిశోధకుడికి 1941 సభ మొయినాబాద్ దగ్గర జరిగిందన్న ఊహ చాలా సహజంగా తోస్తుంది. ఆ ఊహ తప్పు. రెండు సరైన వాస్తవాల నుంచి ఒక తప్పు నిర్ణయానికి దారి తీయగల శక్తి నామసామ్యానికి ఉంది. జిల్లా పేరు చేర్చకుండా ‘చిలుకూరు మహాసభ’ అని రాసే ప్రతి రచనా ఆ దారిని తెరిచే ఉంచుతుంది.

ఆ సభాధ్యక్షుడి పేరు కూడా గమనార్హం. రావి నారాయణరెడ్డి కమ్యూనిస్టు నాయకుడు, 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి భారీ ఆధిక్యంతో లోకసభకు గెలిచినవారు. సింగిరెడ్డి నారాయణరెడ్డి కవి, 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కార గ్రహీత. రెండవవారు ‘సినారె’గా ప్రసిద్ధులు. ఈ కుదింపులో ‘సి’ ఇంటిపేరు మొదటి అక్షరం. అంటే ఇంటిపేరును వదలకుండానే పేరును పొట్టిచేయవచ్చునని ఆ రూపం నిరూపిస్తుంది.

8. పొడి అక్షరాలు – అకారాది క్రమం:

‘సినారె’ తెలుగు అక్షరాలతో ఏర్పడిన కుదింపు. ‘కె.వి.’ ఇంగ్లీషు అక్షరాల పేర్లతో ఏర్పడినది. ఈ తేడా పైకి చిన్నదిగా కనిపించినా, సూచికలు తయారుచేసేటప్పుడు దాని ప్రభావం పెద్దది. ‘కొండా వెంకట రంగారెడ్డి’ తెలుగు అకారాదిలో ‘కొ’ కింద వస్తుంది. ‘కె.వి.రంగారెడ్డి’ ‘కె’ కింద వస్తుంది. ‘రంగారెడ్డి, కొండా వెంకట’ అని తిప్పి రాస్తే ‘ర’ కింద వస్తుంది. ఒకే మనిషి మూడుచోట్ల ముగ్గురుగా కనిపిస్తాడు. ఇది విడదీత. అదే సమయంలో ‘కె’ అన్న అక్షరం కొండాకు, కాసుకు, కాశీనాథునికి, కల్వకుంట్లకు ఒకే విధంగా చెల్లుతుంది. ఇది కలిపివేతకు అవకాశం. ఒకే పొడి అక్షరం రెండు పొరపాట్లకూ మూలమవుతున్నది.

ఈ విషయంలో పూర్వపు సంకలనకర్తల దృష్టి మెచ్చదగినది. తెలంగాణలో కవులు లేరన్న ఆక్షేపణకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించారు. అందులో 354 మంది కవులకు చోటు దొరికింది. ఇన్నివందలమంది ఉన్నారని రుజువు చేయాలంటే ప్రతి ఒక్కరూ వేర్వేరు వ్యక్తి అని నిలబెట్టగలగాలి. ఇద్దరు ఒకరుగా లెక్కకు వస్తే సంఖ్య తగ్గుతుంది. ఒకరు ఇద్దరుగా లెక్కకు వస్తే వాదం బలహీనపడుతుంది. ఒక ప్రాంతపు సాహిత్య గౌరవం సరైన పేర్ల మీద ఆధారపడిన సందర్భం అది.

9. ఒక ఆక్షేపణ – సమాధానం:

సందర్భాన్ని బట్టి ఎవరి గురించి రాశారో పాఠకుడికి తెలుస్తుంది కదా, ప్రతిసారీ పూర్తి పేరు ఎందుకు అన్న ఆక్షేపణ రావచ్చు. సమకాలీన పాఠకుడి విషయంలో ఇది కొంతవరకు నిజం. 1960లో ‘ఉపముఖ్యమంత్రి రంగారెడ్డి’ అంటే ఎవరికీ అనుమానం రాలేదు. కాని పరిశోధన సమకాలీనులకు మాత్రమే రాసేది కాదు. సందర్భం కాలంతో కరిగిపోతుంది, అక్షరం మిగులుతుంది. పైగా నేటి పరిశోధకులు గ్రంథాన్ని మొదటి నుంచి చివరి వరకు చదవడం కంటే పేరును శోధించి అవసరమైన పుటను మాత్రమే చూడటం పెరిగింది. ‘రంగారెడ్డి’ అని శోధిస్తే జిల్లా వార్తలు, కార్యాలయాల చిరునామాలు, భూముల వివరాలు ముందు వస్తాయి. వ్యక్తి అడుగున పడిపోతాడు.

స్థానికుల జ్ఞాపకం మీద ఆధారపడవచ్చునన్నది మరొక వాదం. స్థానిక జ్ఞాపకం విలువైనదే. అయితే కొండా కుటుంబానికి చెందినవారు నేటికీ ఆ ప్రాంత రాజకీయాల్లో ఉన్నారు. రంగారెడ్డి మనుమడు కొండా విశ్వేశ్వరరెడ్డి 2014లో, మళ్లీ 2024లో చేవెళ్ల లోకసభ స్థానం నుంచి గెలిచారు. వర్తమాన రాజకీయం ఉన్నచోట జ్ఞాపకం అభిమానంతోనో, వ్యతిరేకతతోనో రంగు మారుతుంది. అందుకే జ్ఞాపకాన్ని పత్రాలతో సరిచూడటం అవసరం. ఆ సరిచూపుకు సంపూర్ణమైన పేరే తొలిమెట్టు.

10. ముగింపు:

పై పరిశీలన నుంచి ఈ కింది అంశాలు తేలుతున్నాయి.

• తెలుగులో నామసామ్యం పేరు పెట్టే పద్ధతి నుంచే పుడుతుంది. దాన్ని నివారించలేము, గుర్తించి వేరుచేయగలం.

• వ్యక్తి పేరు స్థలనామమైనప్పుడు ముందుగా నష్టపోయేది ఇంటిపేరు. ‘కె.వి.రంగారెడ్డి జిల్లా’ ‘రంగారెడ్డి జిల్లా’గా మారడం దీనికి నిదర్శనం.

• కొండా, అల్లూరి వంటి ఉదాహరణల్లో ఇంటిపేరు కూడా ఒంటరిగా చాలదు. ఇంటిపేరు, ఊరు, కాలం, రంగం అన్న నాలుగింటినీ కలిపి చూడాలి. నాలుగింటిలో ఏ రెండు కలవకపోయినా ఇద్దరు వ్యక్తులన్న అనుమానంతో పరిశీలన మొదలుపెట్టాలి.

• ఊళ్ల పేర్లకూ ఇదే నియమం వర్తిస్తుంది. 1941 మహాసభ విషయంలో ‘నల్లగొండ జిల్లా చిలుకూరు’ అని రాయడం అవసరం.

• సిద్ధాంత గ్రంథాల్లో ఒక వ్యక్తిని మొదటిసారి ప్రస్తావించేటప్పుడు పొడి అక్షరాలు కాకుండా పూర్తి ఇంటిపేరు, జననమరణ సంవత్సరాలు ఇవ్వాలి. సూచికలో ఒకే రూపాన్ని పాటించి, ఇతర రూపాల నుంచి దానికి దారి చూపాలి.

ఇవేవీ కొత్త నియమాలు కావు. కవిని, యోధుణ్ణి ‘కవి’, ‘ఖడ్గ’ అన్న రెండు చిన్న మాటలతో వేరుచేసిన వాడుకలో ఈ వివేకం ఏడు శతాబ్దాలకు పూర్వమే ఉంది. చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతపు చరిత్రను రాసేవారు ఆ వివేకాన్ని పాటిస్తే, జిల్లా పేరు వెనుక ఉన్న పెద్దమంగళారం న్యాయవాది మళ్లీ కనిపిస్తాడు.